చెవిపొర వెనక నీళ్ళు

చిన్న ఆపరేషనే అన్నారు. మా ఆయన వాచీ తీసి నా చేతిలో పెట్టి, "మధ్యాహ్నానికి లేచి కూర్చుంటానట, నువ్వు అంతసేపు ఆ బెంచీ అరగదీయకుండా ఇంటికెళ్ళి తినిరా" అని లోపలికి వెళ్ళాడు. హెర్నియా. అలాంటివి రోజూ చేస్తూనే ఉంటామన్నారు. సాయంత్రం ముగ్గురు డాక్టర్లు కలిసి బయటికి వచ్చారు. ఒకరు రావలసిన చోటికి ముగ్గురు వచ్చారంటే, ఒక్కరు మోయలేని మాటేదో తెచ్చారని వాళ్ళు నోరు తెరవకముందే అర్థమైంది. మత్తు దగ్గర ఏదో జరిగిందన్నారు. ఆ రోజు ఆయనతోపాటు 'చిన్న' అనే మాట మీద నమ్మకం కూడా పోయింది నాకు.

నెలన్నర తిరగకుండా అదే మాట మా పాప గురించి విన్నాను. పోయిన వారం అక్కడే ఆగాను. కొత్తగా చదువుతున్నవారి కోసం ఆ కాస్తా మళ్ళీ చెబుతాను.

పాపకి ఆరేళ్ళు. రెండు చెవుల్లోనూ పొర వెనక నీళ్ళు చేరాయని చెవి డాక్టరు మొదటిసారి చెప్పినప్పుడు మా ఆయన ఇంకా బతికే ఉన్నాడు. నీళ్ళు వాటంతటవే ఇంకిపోవచ్చు, మూడు నెలలు ఆగి చూద్దామందామె. ఆ మూడు నెలల మధ్యలోనే ఆయన పోయాడు. గడువు తీరాక మళ్ళీ చూసి, నీళ్ళు ఇంకిపోలేదు, మత్తిచ్చి పొరకి సన్నటి కన్నం పెట్టి ట్యూబులు వేద్దామంది. పావుగంట పని అంది. చిన్న ఆపరేషనే అంది.

సరిగ్గా ఆ వారమే మా బడికి ఆరోగ్య శిబిరంవాళ్ళు వచ్చారు. లైబ్రరీ గదిలో పిల్లలందరికీ వినికిడి పరీక్ష పెట్టారు. మా పాప ఒక్క తప్పు లేకుండా నెగ్గింది.

ఇంకొకటి కూడా నా మనసులో ముల్లులా ఉంది. మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, ప్రింటింగ్ ప్రెస్సులో పెద్ద మెషీను నడుపుతారు. మా ఆయన కూడా అక్కడే పనిచేసేవాడు. బావగారు మనిషి మితభాషి. అలాంటిది, పాప ఆపరేషను మాట ఎత్తగానే "చేయించెయ్ అమ్మా, చేయించెయ్" అని పట్టుపట్టారు. మొన్న నేను వంటింట్లోంచి వస్తుంటే హాల్లో పాప ఎదురుగా గొంతుక్కూర్చుని పెదవులు కదుపుతున్నారు. గొంతు లేదు. పాప తలూపుతోంది. నన్ను చూడగానే ఇద్దరూ ఆపేశారు. "ఏంటి సంగతి?" అంటే, "ఏం లేదమ్మా, ఆట" అన్నారు. నేను పాతికేళ్ళుగా తరగతి గదిలో నిలబడుతున్నదాన్ని. ఆడుకుంటున్న మొహాలెలా ఉంటాయో, దాచుకుంటున్న మొహాలెలా ఉంటాయో నాకు తెలుసు.

అందుకే ఈసారి డాక్టరు దగ్గరికి శిబిరంవాళ్ళ కాగితం తీసుకుని వెళ్ళాను. బావగారు నేనూ వస్తానన్నారు. రావద్దనడానికి కారణం దొరకలేదు. ఎందుకు వస్తానంటున్నారో కూడా తెలియలేదు.

డాక్టరు నాకంటే బాగా చిన్నది. బల్ల మీద ప్లాస్టిక్ చెవి బొమ్మ ఒకటి ఉంది, ముక్కలు ముక్కలుగా విడదీసి మళ్ళీ అమర్చవచ్చు. పాప గదిలోకి వెళ్ళగానే దాన్ని ఒళ్ళోకి లాక్కుని విప్పడం మొదలుపెట్టింది.

"నిర్ణయించుకున్నారా టీచరుగారూ?"

"ముందు కొన్ని అడగాలి."

"అడగండి."

కాగితం ఆమె ముందు పెట్టాను. "మీరు సరిగా వినపడటం లేదన్నారు. వీళ్ళు బాగా వినపడుతోందన్నారు."

ఆమె చదివింది. కనుబొమలు ముడిపడ్డాయి. "శిబిరాల్లో గోల ఎక్కువగా ఉంటుందండీ. అంత కచ్చితంగా రాదు."

"గోలలో పిల్లలు తప్పాలి కదా. నెగ్గడమేంటి?"

ఆమె నా వంక చూసి నవ్వింది. "మీరు లెక్కల టీచరా?"

"తెలుగు."

"బతికించారు. నాకు లెక్కల టీచర్లంటే ఇప్పటికీ భయం."

నేను నవ్వలేదు. నవ్వించి ఒప్పించేవాళ్ళు నాకు కొత్త కాదు. ఆ సంగతి ఆమెకూ అర్థమైనట్టుంది, కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మీ అనుమానం సూటిగా చెప్పండి."

"పోయినసారి మీ మెషీను ఒక గీత గీసింది. కొండలా లేవాల్సిన గీత చదునుగా ఉంది, అంటే పొర కదలడం లేదన్నారు. ఆ మెషీనే చెడిపోయి ఉంటే?"

"ఉండొచ్చు."

"అయితే ముందు నా చెవిలో పెట్టండి."

అలా అడిగినవాళ్ళు ఇంతకుముందు లేరేమో, నా వంక వింతగా చూసింది. తర్వాత లేచి పక్కగదిలోకి దారి తీసింది. రబ్బరు మొన ఉన్న చిన్న పనిముట్టు నా చెవిలో ఆనించింది. కొండెక్కుతున్నప్పుడు చెవులు బిగుసుకున్నట్టు అనిపించింది. తెర మీద గీత పాకుతూ వచ్చి, మధ్యలో చక్కగా లేచి, మళ్ళీ దిగింది.

"మీ పొర కదులుతోంది. మెషీను బాగానే ఉంది."

అప్పుడు వెనకనుంచి బావగారు, "నాదీ చూస్తారా డాక్టరుగారూ?" అన్నారు.

నేను గిరుక్కున తిరిగాను. ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఏ డాక్టరు ముందూ కూర్చోలేదు. జ్వరం వచ్చినా మెషీను పక్కన నిలబడి చెమట పట్టించుకునే మనిషి. "మీదెందుకు బావగారూ?" అన్నాను. ఆయన అప్పటికే కుర్చీలో కూర్చుని తల వంచేశారు, మంగలి ముందు కూర్చున్నట్టు.

ఆయన గీత కూడా కొండలా లేచింది. అది చూసి సంతోషించాల్సిన మనిషి మొహం వాడిపోయింది. "సరిగ్గా పెట్టారా?" అని అడిగారు. "రెండో చెవి?" అన్నారు. రెండోదీ అలాగే వచ్చింది. లేచి గోడకి ఆనుకుని నిలబడిపోయారు.

తర్వాత పాపకి పెట్టారు. గీత నేల మీద పాకి అలాగే వెళ్ళిపోయింది. రెండు చెవులకీ అంతే.

"ఇక వినికిడి పరీక్ష మళ్ళీ చేయిద్దాం, మీ ఎదురుగానే," అంది డాక్టరు.

ఆ గది ఇంకొంచెం లోపల ఉంది. గోడలకి దళసరి స్పాంజి. ఒకవైపు గాజు కిటికీ. గాజు అవతల పరీక్ష చేసే అమ్మాయి మెషీను ముందు కూర్చుంటుంది. ఇవతల పాప చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించి కూర్చోబెట్టారు. శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యి ఎత్తాలి. నన్ను పాప కుర్చీకి వెనకగా, గోడ పక్కన నిలబడమన్నారు.

పాప చెయ్యెత్తింది. మళ్ళీ ఎత్తింది. కాస్త ఆగి మళ్ళీ. పరీక్ష చేసే అమ్మాయి రాసుకుంటూ పోతోంది. అయ్యాక డాక్టరు కాగితం చూసి, చెవి వెనక పెన్నుతో గీరుకుంది.

"విచిత్రంగా ఉందే. దాదాపు మామూలుగానే ఉంది."

"చూశారా!" అన్నాను. గొంతు నాకు తెలియకుండానే పెరిగింది. "నేను ఊరికే అనుమానించలేదు. వినపడే పిల్లకి మత్తిచ్చి పడుకోబెడదామన్నారు."

డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తోంది. "కుడిచెవి ఇంకొక్కసారి చూద్దాం. తర్వాత మీ ఇష్టం."

రెండోసారి మొదలైంది. ఈసారి నాకు ఆత్రం లేదు. గెలిచిన మనిషి నిలబడినట్టు తీరిగ్గా నిలబడ్డాను. తీరిగ్గా ఉన్నప్పుడే కళ్ళు వాటి పాత పని చేసుకుంటాయి. పరీక్షల్లో నేను నిలబడే చోటు ఎప్పుడూ గది వెనకే. పిల్లల మొహాలు కనపడక్కర్లేదు. మెడలు చాలు. ఏ మెడ ఎటు వంగుతోందో చూస్తే ఎవరు ఎవరి కాగితంలోంచి రాస్తున్నారో తెలిసిపోతుంది.

మా పాప మెడ నిటారుగా ఉంది. ఒక్కచోటే చూస్తోంది. ఎక్కడికా అని ఆ చూపు వెంట నేనూ వెళ్ళాను. గాజు అవతల ఆ అమ్మాయి చెయ్యి బల్ల కింద ఉంది, కనపడదు. కానీ మీట నొక్కిన ప్రతిసారీ ఆమె భుజం రవ్వంత కదులుతోంది. భుజం కదిలితే పాప చెయ్యి లేస్తోంది. భుజం ఆగితే ఆగుతోంది.

నా కూతురు చెవి పరీక్షలో కాపీ కొడుతోంది.

బడిలోనూ ఇదే చేసి ఉంటుంది. లైబ్రరీలో బల్లకి ఇటూ అటూ ఎదురెదురుగా కూర్చోబెట్టారు కదా.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కాగితం నాకు అనుకూలంగానే వస్తోంది. నోరు మూసుకుంటే చాలు, పాపని తీసుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు. మత్తు లేదు, ఆ బెంచీ లేదు, ముగ్గురు డాక్టర్లు కలిసి తలుపు తోసుకుని రావడం లేదు. పాప చెయ్యి లేచింది, దిగింది. ఇంకోసారి లేచింది. ఆ చేతిని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను.

"కిటికీకి తెర ఉందా?" అన్నాను.

"ఏమన్నారు?"

"తెర ఉంటే దించండి. పాప మీ అమ్మాయి భుజం చూసి ఎత్తుతోంది."

డాక్టరు నా వైపు, గాజు వైపు, మళ్ళీ నా వైపు చూసింది. తెర దించింది. పరీక్ష మళ్ళీ మొదలైంది. పాప ముందు కాసేపు తెర వంక చూసింది. తర్వాత నా కోసం వెనక్కి తిరిగింది. చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. బాగా పెద్ద శబ్దం పంపినప్పుడు మాత్రం ఒకటి సగం లేచింది, అదీ తడబడుతూ.

డాక్టరు గెలిచినట్టు మొహం పెట్టలేదు. అందుకు ఆమెని మెచ్చుకోవాలి. "ఈ విద్య ఎక్కడ నేర్చుకుంది?" అని మాత్రం అడిగింది.

ఆ ప్రశ్న నేను అడగాల్సిన మనిషి వరండాలో ఉన్నాడు.

"ఏం నేర్పుతున్నారు మీరు నా కూతురికి?" అన్నాను.

బావగారు కిటికీ పక్కన నిలబడి ఉన్నారు. నా గొంతు విని కాదు, నా నీడ చూసి తిరిగారు. నేను మాట్లాడుతుంటే ఆయన కళ్ళు నా కళ్ళ మీద లేవు. పెదవుల మీద ఉన్నాయి. ఇన్నేళ్ళుగా దాన్ని నేను బిడియం అనుకున్నాను, తమ్ముడి భార్య కళ్ళలోకి చూడటం ఇష్టం లేని మర్యాద అనుకున్నాను.

"మీకు వినపడదా బావగారూ?"

"కొంచెం." ఆయన ఇబ్బందిగా నవ్వారు. "ప్రెస్సులో ఎవరికి వినపడుతుందమ్మా? మెషీను తిరుగుతుంటే పక్కవాడి అరుపు కూడా చెవికెక్కదు. అందుకే పెదవులతోనే మాట్లాడుకుంటాం. కాగితం తెమ్మనాలన్నా, టీ తెమ్మనాలన్నా, యజమానిని తిట్టాలన్నా. తిట్టడానికైతే మరీ హాయి, పక్కనే ఉన్నా తెలియదు."

"పాపకి ఎందుకు నేర్పారు?"

"నేను కాదు, వాడు." ఆయన తమ్ముడి పేరు పలకలేదు. ఇప్పుడు ఎవరం పలకడం లేదు. "బడి వదిలాక నువ్వు వచ్చేదాకా పాప ప్రెస్సులోనే ఉండేది కదా. చెవి డాక్టరు వినికిడి తగ్గిందని చెప్పిన రోజు వాడు మెషీను ఆపి నా దగ్గరికొచ్చాడు. 'అన్నా, పాపకి మెషీను చెవి వచ్చింది. నేనే తెచ్చిపెట్టాను' అన్నాడు. మోతకి చెవులు మొద్దుబారడం, మాలో పాతవాళ్ళందరికీ ఉన్నదే. దానికి మందు లేదని మాకందరికీ తెలుసు. మరి మందు లేనప్పుడు ఏం చేస్తాం? మేం బతికిన దారి చూపించాడు. రోజూ కూర్చోబెట్టి నేర్పాడు. పాప మాకంటే తొందరగా పట్టేసింది."

"డాక్టరు నీళ్ళని చెప్పింది కదా. నేను వచ్చి ఇద్దరికీ చెప్పాను కదా."

"చెప్పావు. నిన్ను కంగారు పెట్టకూడదని డాక్టరు అలా అందేమో అనుకున్నాం."

నేను డాక్టర్లని నమ్మకపోవడం ఈ మధ్య మొదలైంది. వీళ్ళు అంతకుముందే మొదలుపెట్టారు.

"నాతో ఎందుకు అనలేదు ఆయన?"

"ఎలా అంటాడమ్మా? అంటే పాపని ప్రెస్సుకి పంపుతావా? నీ మొహం చూడగలడా?" ఆయన గోడ మీద అరచెయ్యి ఆనించారు. "ఇందాక నా గీత లేచింది. పాపది లేవలేదు. మెషీను చెవి నాకుంది. మరి పాపకి ఉన్నది అది కాదన్నట్టేగా? అదే కనుక్కుందామని కూర్చున్నాను. ఒకవేళ నీళ్ళే అయితే బాగవుతుందన్న ఆశతోనే చేయించెయ్యమన్నాను."

డాక్టరు మా వెనకే వచ్చి నిలబడి వింటోంది. "మోత లోపలి నరాన్ని పాడుచేస్తుంది పెద్దాయనా," అంది, ఆయనకి కనపడేలా ఎదురుగా జరిగి. "అది తిరిగి రాదు, నిజమే. పాపకి ఉన్నది పొర వెనక నీళ్ళు. ప్రెస్సుకీ దానికీ సంబంధం లేదు. ఆ నీళ్ళు తీసి, మళ్ళీ చేరకుండా పెన్సిలు మొనంత ట్యూబు పెడితే గాలి ఆడుతుంది. చాలామంది పిల్లలకి వినికిడి వెంటనే మెరుగవుతుంది. కొన్ని నెలలకి ట్యూబు దానంతటదే ఊడిపోతుంది. కొందరికి మళ్ళీ వేయాల్సి వస్తుంది, అదీ ముందే చెబుతున్నాను."

బావగారు ఆ పెదవుల నుంచి ప్రతి ముక్కా తీసుకున్నారు. తర్వాత తల దించుకుని, "వాడికి తెలియదు," అన్నారు. "తనవల్లేనని అనుకుంటూనే పోయాడు."

నా అనుమానం ఒకటి తీరింది. తీరినందుకు తేలికపడలేదు.

"మత్తు మాట చెప్పండి," అన్నాను డాక్టరుతో. "చిన్నది అనకుండా చెప్పండి."

ఆమెకి మా ఆయన సంగతి తెలుసు. తొందరపడలేదు. "ప్రమాదం అసలు లేదని అనను. చాలా చాలా అరుదు. చేయకపోతే పాప ఇలాగే గాజులోంచి చూస్తూ పెరుగుతుంది. రేపు నల్లబల్ల వైపు తిరిగి టీచరు రాస్తూ మాట్లాడితే ఏ పెదవులు చూసి నేర్చుకుంటుంది? బుధవారం ఒక సమయం ఖాళీగా ఉంది. సంతకం ఈ పూట పెడితే ఉంచుతాను. కాదనుకుంటే మళ్ళీ వచ్చే నెల."

మమ్మల్ని తన గదిలోకి తీసుకెళ్ళి, బల్ల మీద కాగితం, పెన్ను పెట్టి ఆమె పక్కకి వెళ్ళింది. నేను పెన్ను తీసుకున్నాను. పాపకి చెప్పకుండా పెట్టబుద్ధి కాలేదు. ప్లాస్టిక్ చెవిని తలకిందులుగా అమర్చి తనే నవ్వుకుంటున్న పాప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. మొహానికి మొహం పెట్టి, గొంతు పెంచకుండా, పెదవులు విడివిడిగా కదుపుతూ చెప్పాను. చెవుల్లో నీళ్ళున్నాయనీ, డాక్టరు పడుకోబెట్టి తీస్తుందనీ, నిద్రలోనే అయిపోతుందనీ.

భయపడుతుందనుకున్నాను. కళ్ళు మెరిశాయి.

"నాన్నకి ఇచ్చిన నిద్రమందేనా?"

"ఎవరు చెప్పారు?"

పాప పక్కకి చూసింది. బావగారు గుమ్మంలో ఉన్నారు. పాప నా చెవి దగ్గరికి రాలేదు, అందరు పిల్లలూ రహస్యాలు చెప్పినట్టు. కొంచెం వెనక్కి జరిగి, మొహం నాకు బాగా కనపడేలా పెట్టి, గొంతు లేకుండా పెదవులు కదిపింది. నాకు ఆ భాష రాదు. రెండుసార్లు చెప్పించుకున్నాను. మూడోసారి విసుగొచ్చి గొంతుతోనే చెప్పేసింది.

"నాన్నకి నిద్రమందు ఇంకా దిగలేదట. దిగాక వస్తాడట. రోజూ అడుగుతున్నాగా, పెదనాన్న అలాగే చెప్పాడు. నీకు చెబితే ఏడుస్తావని చెప్పొద్దన్నాడు. నన్ను కూడా నాన్న పక్కనే పడుకోబెడతారా అమ్మా?"

బావగారు గుమ్మంలోంచి పాప పెదవుల్ని చదివారు. మొహం గోడవైపు తిప్పుకున్నారు.

ఆయన పోయిన ఆ సాయంత్రం పక్కింటి నుంచి పాపని తెచ్చుకుని నేనే చెప్పాను. నాన్న ఇక లేడని చెప్పాను. చెప్పానన్న ధైర్యంతోనే ఇన్నాళ్ళూ ఉన్నాను. పాప ఏడవకపోతే పసితనం అనుకున్నాను. కానీ ఆ మాట ఎలా చెప్పానో ఇప్పుడు గుర్తొచ్చింది. పాపని గట్టిగా పొదువుకుని, తన తల నా భుజం మీద అదిమిపెట్టుకుని, జుట్టులో మొహం దాచుకుని చెప్పాను. నా పెదవులు పాపకి కనపడలేదు. ఆ తర్వాత ఇంట్లో ఎవరు ఆ మాట ఎత్తినా పాపకి తెలియకూడదని తల పక్కకి తిప్పుకునే ఎత్తారు.

"చెప్పమ్మా, నాన్న పక్కనేనా?"

కాగితం బల్ల మీద అలాగే ఉంది. సంతకం పెట్టలేదు. వాళ్ళ నాన్న చనిపోయాడని నా కూతురికి ఇంకా చెప్పలేదు.